మల్లవేషములు: ఇండస్ షేర్ జట్టు కథ

పగటివేషగాండ్రను చూచి పెరిగిన పెద్దలు మన యిండ్లలో నింకను కొందఱున్నారు. అడిగినచో వారు ఆ ముచ్చటలు ఎంతసేపైనను చెప్పుదురు. ఒకనాడు అర్ధనారీశ్వరుడు, ఒకనాడు సోమయాజులు సోమిదేవమ్మ, ఒకనాడు శక్తి, ఒకనాడు పఠాను. ఈ విధముగా దినమునకొక వేషము వీథివెంట వచ్చుచుండెడిది. శక్తివేషమును చూచి పిల్లలు తల్లి కొంగుచాటున దాగుకొనెడివారు. పెద్దలు నవ్వుకొనెడివారు. అది వేషమని ఊరంతకును తెలియును. తెలిసియే చూచి సంతోషించెడివారు. కట్టకడపటి దినమున వేషగాడు రంగు కడిగికొని, తన సొంత ముఖముతో ఇంటింటికిని వచ్చి, సంభావన పుచ్చుకొని పోయెడివాడు. వేషము సంపాదించిన మెప్పు ఆ మనుష్యునకే దక్కెడిది. కోటి విద్యలును కూటికొఱకే యన్న సామెతయందు తప్పు పట్టవలసినది లేదు. ఆ కూడు వానికి దక్కినదా లేదా యనునదియే చూడవలసిన సంగతి.

ఈ మాసమున మేము చెప్పబోవునది అట్టి వేషధారుల కథయే. కాని వీరు వీథిలో తిరుగు వేషగాండ్రు కారు. గోదాలో దిగు మల్లులు. వీరి జట్టు పేరు ఇండస్ షేర్. ఇండస్ అనగా సింధునది, షేర్ అనగా సింహము. మన దేశపు పేరు చెప్పి అమెరికాలో పుట్టించిన ఈ జట్టు ఒకనాడు మన హైదరాబాదునకే వచ్చి, మన జనుల యెదుట తలపడి, ఏడు మాసములు గడచి మఱికొన్ని దినములైనను కాకమునుపే రద్దయిపోయినది. కుస్తీ మగవారి ముచ్చట, మనకేల యని సోదరీమణులు కొంద ఱనుకొనవచ్చును. కాని ఈ కుస్తీని ఇంటిలో కన్నార్పక చూచుచున్నది మన పిల్లలు. మంచముమీదినుండి తమ్మునిపై దూకుచున్నదియు వారే. కనుక ఈ కథ తల్లులు తెలిసికొనవలసినదే.

గచ్చిబౌలిలో ఒక రాత్రి

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులోని సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాటినుండి హైదరాబాదునకు పడమట నున్న రాతిగుట్టల నేల రూపు మాఱిపోయినది. హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి యను పేర్లు దేశదేశముల కంపెనీలకు తెలిసిన పేర్లయినవి. ఆ గచ్చిబౌలిలోనే 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడలకై గొప్ప క్రీడాప్రాంగణమును కట్టిరి. ఆ సంవత్సరమే మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభ స్పీకరు జి. ఎం. సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టిరి. మఱుసటి సంవత్సరము ఆఫ్రో ఏషియన్ క్రీడలును ఈ నగరముననే జరిగినవి.

అచ్చటి ఇండోర్ స్టేడియములో 2023 సెప్టెంబరు 8వ తేదీ శుక్రవారము రాత్రి అమెరికా దేశపు డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ. కంపెనీవారు సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అను పేర కుస్తీ ప్రదర్శనము నేర్పాటు చేసిరి. వారు మన దేశమునకు వచ్చి ప్రదర్శన మిచ్చుట 2017 డిసెంబరు తరువాత అదియే మొదలు. పిల్లల చొక్కాలమీద మనము చూచు జాన్ సీనా వచ్చెను. సేథ్ రోలిన్స్ వచ్చెను. ఈ యిరువురును జట్టుగా నిలిచి లుడ్విగ్ కైజర్, జియోవానీ వించీ యనువారిని ఓడించుటతో ఆ రాత్రి ప్రదర్శనము ముగిసినది. స్త్రీల కుస్తీయును జరిగినది. ఆస్ట్రేలియావాసి రియా రిప్లీయు, కెనడాదేశపు నటాల్యాయు తలపడిరి. ఈ నటాల్యా కుటుంబపు మాట ముందు మరల చెప్పెదము.

ఆనాడు ఇండస్ షేర్ జట్టువారు కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ అను కెనడావారితో పోరాడి ఓడిపోయిరి. తమ దేశములో, తమ జనుల యెదుట, తమ దేశపు పేరు పెట్టుకొన్న జట్టు ఓడినది. అది బలము చాలక వచ్చిన ఓటమి కాదు. ఎవరు గెలువవలెనో, ఎవరు ఓడవలెనో గోదాలో దిగకమునుపే నిర్ణయమై యుండును. ఆ నిర్ణయము చేయువారు కంపెనీవారు.

ఈ కుస్తీ ఎట్టిది?

కుస్తీ మనకు క్రొత్త విద్య కాదు. పాతబస్తీలోని తాలీముఖానాలలో మన్నుమీద మల్లులు సాధన చేయుట హైదరాబాదువారి కెల్లరకు తెలిసినదే. శ్రీకాకుళమువైపున వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు విననివారెవరు? ఆయన తన రొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసులను ఊపిరి బిగించి తెంచెడివాడనియు, ఏనుగును ఎదపై నిలుపుకొనెడివాడనియు పెద్దలు చెప్పుదురు. ఆయనను కలియుగభీముడని పిలిచిరి. 1942లో ఆయన గతించినను విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నేటికిని నిలిచియున్నది. ఆయనయు సర్కసులో జనులకు వినోదము చూపినవాడే, టిక్కెట్టు పెట్టి సొమ్ము తీసికొన్నవాడే. కాని ఆయన చూపినది ఆయన సొంత బలము. ఆయన పేరు ఆయన సొంత పేరు.

డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ.వారి కుస్తీ మార్గము వేఱు. అది నాటకమునకును వ్యాయామమునకును నడుమ నున్నది. ఈ సంగతిని ఆ కంపెనీవారే యొప్పుకొనిరి. 1989లో న్యూజెర్సీ రాష్ట్రపు శాసనసభ యెదుట, తమది నిజమైన పోటీ కాదు, జనుల వినోదమునకై చేయు ప్రదర్శనమని వారు చెప్పుకొనిరి. నిజమైన పోటీలపై ప్రభుత్వమునకుండు అజమాయిషీయు పన్నును తప్పించుకొనుటకై వారట్లు చెప్పవలసివచ్చినది. అంతకుముందు ఆ మాట బయట పొక్కకుండ ఆ వృత్తివారు ఎంతయో గోప్యముగా నుంచుచుండిరి.

ఐనంతమాత్రమున అంతయు ఉత్తదే యనుకొనరాదు. గెలుపు ఓటములు ముందుగా నిర్ణయమైనను, పడుట మాత్రము నిజముగా పడుటయే. గోదా క్రింద ఇనుప చట్రము, దానిపై చెక్కపలకలు, ఆపైన పలుచని మెత్త, దానిపై గుడ్డ, ఇంతే. వీపు విఱుగకుండ, మెడ నలుగకుండ పడుటకు నేర్చుకొనవలెను. ఎదుటివానిని ఎత్తి పడవేయునట్లు చూపుచు, వానికి దెబ్బ తగులకుండ కాపాడుట ఈ విద్యలోని ముఖ్య రహస్యము. ఇరువురు శత్రువులుగా కనిపించుచు, లోలోపల ఒకరి ప్రాణమునకు ఒకరు కావలి కాయుచుందురు. ఇంతటి నేర్పును ఆషామాషీగా తీసివేయుట న్యాయము కాదు.

ఇక వేషము సంగతి. దీనిని ఆ వృత్తివారు గిమ్మిక్కు అందురు. ప్రతి మల్లునకును ఒక వేషము, ఒక పేరు, ఒక నడక, ఒక కోపము కేటాయింతురు. జనులు మెచ్చవలసినవాడు ఫేస్, జనులు తిట్టవలసినవాడు హీల్. మన వీథినాటకములో రాజవేషమును, రాక్షసవేషమును ఉన్నట్లే యిదియు. చిక్కు ఎక్కడ ననగా, అమెరికావారి గోదాలో పరదేశస్థునకు చిరకాలముగా రాక్షసవేషమే దొరకుచు వచ్చినది. ఇరాను దేశపు మల్లుడు ఐరన్ షేక్ అను పేర 1980 ప్రాంతములలో జనుల తిట్లు తిని బ్రతికెను. పంజాబులో పుట్టి కెనడాకు వలసపోయిన టైగర్ జీత్ సింగ్ తలపాగా చుట్టి, నోట కత్తి కఱచుకొని జపానువారిని భయపెట్టెను. హిమాచల ప్రదేశమునుండి వెడలి, పంజాబు పోలీసులో పనిచేసిన దలీప్ సింగ్ రాణా 2006లో గ్రేట్ ఖలీ అను పేరుతో గోదాలో దిగెను. మఱుసటి సంవత్సరము ప్రపంచ విజేత బెల్టు ధరించెను. కాని మొదట అతనిచేత మాటలాడింపక, అతని పక్షమున వేఱొకడు మాటలాడుచుండగా అతడు గర్జించుచు నిలుచునట్లు చేసిరి.

జట్టు పుట్టుక

ఇండస్ షేర్ జట్టులోని యిరువురును వేషము వేసికొనకముందే చెప్పుకోదగిన కథ కలవారు.

మొదటివాడు రింకూ సింగ్. ఉత్తర ప్రదేశమున గోపీగంజ్ ప్రాంతపు వాడు. తండ్రి లారీ నడిపెడివాడు. ఇంటిలో తొమ్మండుగురు పిల్లలు. ఇతడు జావెలిన్ విసరుట నేర్చి చిన్ననాటనే పతకము తెచ్చెను. 2008లో అమెరికావారు మన దేశములో బేస్‌బాల్ బంతి విసరు పోటీ యొకటి పెట్టిరి. దాని పేరు మిలియన్ డాలర్ ఆర్మ్. ముప్పదియేడు వేలమందికి పైగా పాల్గొన్న ఆ పోటీలో రింకూ మొదటివాడుగా నిలిచి లక్ష డాలర్లు గెలుచుకొనెను. అప్పటికి అతనికి బేస్‌బాల్ ఆటయే తెలియదు. అమెరికాకు పోయి, ఆట నేర్చి, ఆ సంవత్సరము నవంబరులోనే దినేశ్ పటేల్ అను మఱియొక యువకునితో కూడ పిట్స్‌బర్గ్ పైరేట్స్ కంపెనీతో ఒప్పందము చేసికొనెను. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో ఒప్పందము పొందిన మొదటి భారతీయులు వీరిరువురే. 2014లో డిస్నీవారు ఈ కథను చలనచిత్రముగా తీసిరి, ఏ. ఆర్. రహమాన్ సంగీతము కూర్చెను. కాని చేతి గాయములు రింకూను బేస్‌బాల్‌లో నిలువనీయలేదు. 2018లో అతడు డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ.లో చేరెను.

రెండవవాడు సౌరవ్ గుర్జర్. మధ్యప్రదేశమువాడు. ఆజానుబాహువు. 2012లో కలర్స్ టీవీలో ప్రసారమైన రింగ్ కా కింగ్ అను కుస్తీ కార్యక్రమమున చేతికఱ్ఱ పట్టుకొని డెడ్లీ దండా అను వేషము వేసినవాడు. అమెరికాలోని మఱియొక కుస్తీ కంపెనీ అండతో పూణేలో తీసిన ఆ కార్యక్రమము ఒక్క విడతతోనే ఆగిపోయినది. తరువాత 2013లో స్టార్ ప్లస్‌లో మొదలైన మహాభారతమున ఇతడు భీముడైనాడు. గద పట్టిన ఆ భీముని మన పిల్లలు పలువురు చూచియుందురు.

ఈ యిరువురను కలిపి 2020 మార్చిలో డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ.వారు తమ ఎన్.ఎక్స్.టి. అను విభాగమున ఇండస్ షేర్ అను పేర ప్రవేశపెట్టిరి. ఆ విభాగము క్రొత్తవారిని తీర్చిదిద్దు పాఠశాల వంటిది. వీరి పక్షమున మాటలాడుటకు మాల్కమ్ బివెన్స్ అను మేనేజరును పెట్టిరి. మరల అదే పాత పద్ధతి. మనవాడు ఉఱుమవలె, మాటలాడువాడు వేఱొకడు. ఆ నెలలోనే కరోనా వ్యాధి లోకమంతయు వ్యాపించుటచే ప్రేక్షకులు లేని గోదాలో వీరు పోరాడవలసి వచ్చినది.

వేషము పెరిగినది

2021 జనవరి 26వ తేదీన, మన గణతంత్ర దినమున, భారతీయ ప్రేక్షకులకై ఆ కంపెనీవారు ఒక ప్రత్యేక కార్యక్రమమును ప్రసారము చేసిరి. సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అను పేరు అప్పుడే మొదలైనది. అందు ఇండస్ షేర్ జట్టువారు జిందర్ మహల్ పక్షమునకు ఎదురు నిలిచి గెలిచిరి. నాలుగు మాసములు తిరుగునంతలో, మే నెలలో, రింకూ వీర్ అను క్రొత్త పేరుతో ఆ జిందర్ మహల్ ప్రక్కననే అనుచరుడై నిలిచెను. హరియాణావాడగు షాంకీ యను ఏడడుగుల మల్లుడు మఱియొక ప్రక్కన నిలిచెను. సౌరవ్ వెనుకనే యుండిపోయెను. నిన్నటి శత్రువు నేటి నాయకుడెట్లయ్యెనో చెప్పినవారు లేరు.

ఈ జిందర్ మహల్ కెనడాలోని కాల్గరీ నగరమున పుట్టిన పంజాబీ. 2014లో కంపెనీవారిచే తొలగింపబడి, 2016లో మరల పిలువబడి, 2017 మే 21న ప్రపంచ విజేత బెల్టు గెలిచి, 170 దినములు నిలుపుకొన్నవాడు. భారతదేశపు ప్రేక్షకులు తమ ప్రదర్శనమును విశేషముగా చూచుచున్నారని కంపెనీవారికి తెలియును. బెల్టు ఆతని నడుమునకు వచ్చుటలో ఆ ఆలోచనయు ఉన్నదని అప్పుడు పలువు రనిరి. కాని ఢిల్లీ ప్రదర్శనమునకు ఒక నెల ముందుగా ఆ బెల్టు ఆతని వద్దనుండి పోయినది. 2017 డిసెంబరు 9న ఢిల్లీలో ఆతడు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడెను. ట్రిపుల్ హెచ్ ఆ కంపెనీలోని పెద్ద అధికారులలో నొకడు. ఆరేండ్లకు గచ్చిబౌలిలో జరిగినదానికి ఇది ముందటి ప్రతి వంటిది.

2021 అక్టోబరునుండి వీర్ మహాన్ అను ఇంకొక పేరుతో రింకూను ఒంటరిగా చూపదలచిరి. వీర్ వచ్చుచున్నాడు, వీర్ వచ్చుచున్నాడు అని వారము వారము ప్రకటనలు. నెలలు గడచినవి, వీర్ రాలేదు. చూచువారికి అది యొక పరిహాసమైపోయినది. కడకు 2022 ఏప్రిల్ 4న అతడు వచ్చెను. నొసట విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు, పొడుగాటి జుట్టు, గడ్డము, నల్లని పంచె. వచ్చుచునే రే మిస్టీరియో అను ప్రసిద్ధ మల్లునిపైని, అతని కుమారునిపైని పడి చావబాదెను. మన దేశములో ఫోనుల నిండ అతని బొమ్మలే తిరిగినవి. మనవాడు వచ్చినాడని పిల్లలు ఎగిరి గంతులు వేసిరి.

ఇచ్చట నొక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. విభూతియు రుద్రాక్షయు మన యిండ్లలో శాంతికిని నిష్ఠకును గుర్తులు. మన తాతలు వానిని ధరించి ప్రొద్దున నీళ్లు పోసికొని దేవుని గదిలో కూర్చుండెడివారు. అవి గోదాలో భయమునకు గుర్తులైనవి. లారీ డ్రైవరు కొడుకు పరదేశము పోయి తెలియని ఆట నేర్చుకొన్న వృత్తాంతము ఎంత యింపైనదో చూడుడు! ఆ కథ వారి చేతిలోనే యుండగా, దానిని ప్రక్కకు నెట్టి, కారణము లేక కోపించు మనుష్యుని వేషమును అతనికి తొడిగిరి. కోపమునకు కథ లేనప్పుడు చూచువాడు ఎంతకాలము చూచును? కొన్ని మాసములలోనే ఆ కెరటము విఱిగినది. 2022 చివర రింకూను మరల ఎన్.ఎక్స్.టి. విభాగమునకు పంపి, సాంగా యను పేరు ధరించిన సౌరవ్‌తో జతపఱచి, ఇండస్ షేర్‌ను పునరుద్ధరించిరి. 2023 ఆరంభమున జిందర్ మహల్ వారికి నాయకుడైనాడు. ఆ వేసవిలో ముగ్గురును పెద్ద విభాగమునకు పంపబడిరి. అటుతరువాతనే గచ్చిబౌలి రాత్రి.

వేషము విఱిగినది

హైదరాబాదు ప్రదర్శనము ముగిసిన నాలుగు దినములకు, అనగా సెప్టెంబరు 12న, డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ. మఱియొక పోటీల కంపెనీతో కలిసి టి.కె.ఓ. అను పెద్ద సంస్థలో భాగమైనది. రెండు కంపెనీలు కలిసినప్పుడు ఏమి జరుగునో మన సైబరాబాదు ఇల్లాండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు. లెక్కలు చూతురు, మనుష్యులను తగ్గింతురు. సెప్టెంబరు 21న తొలగించినవారిలో షాంకీ యొకడు. పదుమూడు దినముల క్రిందటనే గచ్చిబౌలి గోదాలో గుంథర్ అను విజేతతో తలపడినవాడతడు.

ఇండస్ షేర్‌కు ఇంకను కొంత గడువు మిగిలినది. 2024 జనవరి 1న జిందర్ మహల్ గోదాలో నిలిచి అమెరికావారిని నిందించుచుండగా, చలనచిత్ర నటుడైన రాక్ హఠాత్తుగా ప్రవేశించి, హాస్యమాడి, ఆతనిని పడగొట్టెను. జనులు కేకలు వేసిరి. ఆ కేకలు రాక్ కొఱకు. మహల్ ఆ రాకకు మెట్టు మాత్రమే. రెండు వారములకు ఆతనికి సేథ్ రోలిన్స్‌తో ప్రపంచ విజేత పోటీ నిచ్చిరి. ఓడెను. 2024 ఏప్రిల్ 19న మహల్, వీర్, సాంగా ముగ్గురి ఒప్పందములును రద్దయినవని వార్త వచ్చినది. గచ్చిబౌలిలో దీపములు వెలిగినది మొదలు లెక్కించినచో ఏడు మాసముల పదునొకండు దినములు.

ఈ జట్టు పడిపోవుటకు కారణమేమి? వీరికి దేహబలము లేకపోలేదు. కష్టపడు స్వభావము లేకపోలేదు. మాకు తోచినంతలో కారణములు మూడు. మొదటిది, వేషములో దేశము పేరున్నదే కాని మనిషి లేడు. మన పగటివేషగాడు సోమయాజులు వేషము వేసినను, ఆ సోమయాజులకు ఒక మాటతీరు, ఒక చపలత, భార్యతో నొక కలహము ఉండెడివి. అందుచేత జనులు మఱునాడును వచ్చి చూచెడివారు. రెండవది, కలుపుట, విడదీయుట, పేరు మార్చుట, మరల కలుపుట; నాలుగేండ్లలో ఒక్క కథయు మొదలు పెట్టినచోటినుండి తుదివఱకు నడవలేదు. మొక్కను దినదినము పెఱికి వేరు చూచినచో అది బ్రతుకునా? మూడవది, వీరిని పెట్టినది మన దేశపు సంతకై. కాని కథ వ్రాసినది అమెరికా ప్రేక్షకునికై. ఇచ్చటివానికి వీరు మనవారు, అచ్చటివానికి వీరు భయపెట్టు పరాయివారు. రెండు పడవలపై కాళ్లు పెట్టించి, పడిపోయినందుకు పడినవానిని తప్పు పట్టుట తగదు.

వేషము వెల

గచ్చిబౌలిలో పోరాడిన నటాల్యా కుటుంబపు మాట చెప్పెదమంటిమి. ఆమె కెనడాలోని హార్ట్ వారి మనుమరాలు. తాత, మేనమామలు, తండ్రి, అందఱును మల్లులే. ఆమె మేనమామలలో నొకడు ఓవెన్ హార్ట్. చక్కని నేర్పరి యని పేరుపొందినవాడు. అతనికి కంపెనీవారు బ్లూ బ్లేజర్ అను నీలిముసుగు హాస్యవేషము నిచ్చిరి. గాలిలో ఎగురు వీరుని పరిహాసముగా చూపు వేషమది. 1999 మే 23న కాన్సాస్ సిటీలో, పైకప్పునుండి త్రాటితో క్రిందికి దింపునట్లు ఏర్పాటు చేసిరి. పట్టుకొక్కెము ఊడినది. అతడు గోదాపై పడి మరణించెను. వయస్సు 34 సంవత్సరములు. ఆ రాత్రి ప్రదర్శనమును నిలుపక కొనసాగించిరి. అతని భార్య మార్తా ఇరువురు పసిపిల్లలతో మిగిలెను. ఆమె ఏడ్చుచు కూర్చుండలేదు. న్యాయస్థానమున కెక్కి, మఱుసటి సంవత్సరము కోటి యెనుబది లక్షల డాలర్ల పరిహారమును రాబట్టి, అందు కొంత వెచ్చించి భర్త పేర ధర్మసంస్థను స్థాపించెను. వేషమునకు వెల కట్టువారు ఒకరు, ఆ వెల చెల్లించువారు వేఱొకరు అనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మఱియొక సంగతి. ఈ మల్లులను కంపెనీవారు ఉద్యోగులనుగా కాక, స్వతంత్ర ఒప్పందదారులనుగా లెక్కింతురు. వేషమునకు పెట్టిన పేరు చాలవఱకు కంపెనీ సొత్తు. వీర్ మహాన్ అను పేరు రింకూ అనుమతి లేక వాడుకొనజాలడు. దేశదేశముల మ్రోగిన పేరు, వెళ్లునాడు వాకిటనే విడిచి పోవలెను. పగటివేషగాడు రంగు కడిగికొని సొంత ముఖముతో వచ్చి సంభావన పుచ్చుకొనుటకును, దీనికిని ఎంత భేద మున్నదో చదువరులే యూహింతురు గాక.

మనవారిలో స్త్రీలును ఈ గోదాకు పోయిరి. హరియాణాకు చెందిన కవితాదేవి 2016 దక్షిణాసియా క్రీడలలో బరువులెత్తి స్వర్ణపతకము గెలిచినది. ఒక బిడ్డకు తల్లి. 2017లో ఆమె సల్వారు కమీజుతోనే అమెరికావారి గోదాలో దిగినప్పుడు లోకమంతయు ఆ దృశ్యమును చూచినది. డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ.తో ఒప్పందము పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. ఆ దుస్తు మాత్రము వేషము కాదు. ఆమె యింటి బట్ట. 2021లో ఆమె ఒప్పందమును ముగిసినది. ఐనను స్వర్ణపతకము ఆమెదే, ఆ ధైర్యమును ఆమెదే. అది రద్దు చేయుటకు ఎవరికిని వీలు కాదు.

తల్లులకు మనవి

పిల్లలను ఈ కుస్తీ చూడవద్దని టీవీ కట్టివేయుట వలన ప్రయోజనము లేదు. ఇప్పుడది ఫోనులో వచ్చుచున్నది. మన దేశమున 2025 ఏప్రిల్ నుండి నెట్‌ఫ్లిక్సులో దొరకుచున్నది. పూర్వము ఈ మల్లుల బొమ్మల ట్రంప్ కార్డులతో ఆడుకొన్న పిల్లలే నేటి తండ్రులు. వారును కొడుకు ప్రక్కనే కూర్చుండి చూచుచున్నారు. కనుక మాన్పించుటకంటె తెలిపిచెప్పుట మేలు.

మొదట చెప్పవలసినది, వారు ఒకరినొకరు కొట్టుకొనుట లేదనియు, ఒకరినొకరు కాపాడుకొనుచు కొట్టుకొన్నట్లు చూపుచున్నారనియు. అందులకు ఏండ్ల సాధన కావలెను. అది లేక తమ్ముని మెడ పట్టి నేలకు కొట్టినచో, మెడ విఱుగుట నిజముగానే విఱుగును. అంత నేర్చినవారును గాయపడుచున్నారని చెప్పుడు. ఆట లింత ఇష్టమైనచో, నిజమైన కుస్తీయో, జూడోయో, బరువులెత్తుటయో గురువుగారి కడ నేర్పించుడు. ఆడపిల్లలకును నేర్పించుడు.

రెండవది, చెడ్డవాడని చూపబడిన ప్రతి పరదేశియు చెడ్డవాడు కాడని చెప్పుడు. మనవాని నుదుటి విభూతిని అక్కడివారు భయమునకు గుర్తుగా చేసినప్పుడు మనకెట్లు నొప్పి కలిగినదో, ఇతరుల గడ్డమును, తలపాగాను, మాటతీరును మన చలనచిత్రములలో అట్లే చూపినప్పుడు వారికిని నొప్పి కలుగును. ఈ మాట పిల్లవానికి అన్నము పెట్టుచు చెప్పదగిన చిన్న మాటయే. కాని పెద్దవాడైన తరువాత వానిని ఒక పొరుగువానిగా, ఒక సహోద్యోగిగా మంచివానిని చేయును.

మూడవది మన పెద్దలకే అవసరమైనది. గచ్చిబౌలి స్టేడియము చుట్టును అద్దపు మేడలలో పనిచేయు మన కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు మెడలో కంపెనీ బిళ్ల వేసికొని పోవుచున్నారు. రెండు కంపెనీలు కలిసినను, ఒక ప్రాజెక్టు ముగిసినను ఆ బిళ్ల ఒక్కనాడు పనిచేయక పోవచ్చును. అట్టివాడు ఇల్లు చేరి నోట మాట లేక కూర్చున్నప్పుడు, ఊరివారు ఏమనుకొందురోయని ముఖము చాటుచేయుట మనయిండ్లలో కొన్నిచోట్ల కలదు. పోయినది వేషమే. వాడు నేర్చిన విద్య, వాని నడవడి, వాని చేతి నేర్పు ఇంటికి వాని వెంటనే వచ్చినవి. రింకూ సింగ్‌ను బేస్‌బాల్ ఒకమాఱు, కుస్తీ ఒకమాఱు విడిచిపెట్టినవి. జావెలిన్ పట్టిన చేయి ఆతనిదే కనుక ఆతడు మఱియొక పని మొదలుపెట్టుటకు అడ్డమేమియు లేదు.

సోదరీమణులు ఈసారి పిల్లలతో కూడ ఆ కుస్తీని చూచునప్పుడు, గెలిచినవాని పేరు అడిగి ఊరకొనక, ఓడినవాని సొంత పేరు ఏమియో, ఏ ఊరివాడో, అంతకుముందు ఏమి చేసినవాడో అడిగి తెలిసికొందురుగాక. పిల్లలు వెదకి చెప్పుదురు. ఆ వెదకుటలో వారు చాల నేర్చుకొందురు.